నీలం బ్యాడ్జీ, నారింజ బ్యాడ్జీ

1990ల్లో సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో ఉన్న మైక్రోసాఫ్ట్ క్యాంపస్‌లో ఎదురొచ్చే మనిషి ఎవరో తెలుసుకోవటానికి మొహం చూడక్కర్లేదు, మెడలో బ్యాడ్జీ రంగు చూస్తే సరిపోయేది. నీలం అయితే కంపెనీ మనిషి, నారింజ అయితే ఏజెన్సీ మనిషి. ఈమెయిల్లోనూ ఆ తేడా కనపడేది. ఏజెన్సీ వాళ్ళ ఐడీకి ముందు 'ఎ' అనే అక్షరం, దాని పక్కన ఓ అడ్డగీత ఉండేవి. ఆ గీతని పట్టుకుని 'డాష్ ట్రాష్' అనే వెక్కిరింపు మాట కూడా పుట్టింది. ట్రాష్ అంటే ఏమిటో ఈ బ్లాగు చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అమెరికాలో కాంట్రాక్టు మీద పనిచేసిన తెలుగువాళ్ళలో ఈ రంగుల తేడా తెలియనివాళ్ళు తక్కువ. కంపెనీ ఏదైనా, రంగులేవైనా, తంతు మాత్రం ఒకటే. టీమంతా లంచ్‌కి వెళ్తుంటే మనకి పిలుపు రాదు. ఆల్ హ్యాండ్స్ మీటింగ్ క్యాలెండర్లో కనపడదు. ఏడాదిన్నర అవగానే "నీ పని బ్రహ్మాండం" అంటూనే బ్యాడ్జీ తీసేసుకుంటారు. ఇదంతా ఆ మేనేజర్ బుద్ధి, లేదా తెల్లవాళ్ళ పద్ధతి అని మనలో మనం అనుకుంటూ ఉంటాం. నిజానికి ఇందులో చాలా భాగం వెనక ఒక కోర్టు కేసు ఉంది. చట్టం పుస్తకాల్లో దాని పేరు విజ్‌కేనో వర్సెస్ మైక్రోసాఫ్ట్. ఆ కేసు గెలిచింది కాంట్రాక్టర్లే. గెలిచాక వాళ్ళ తరవాత వచ్చినవాళ్ళకి ఏం జరిగిందనేదే నాకు ఆసక్తి కలిగించిన సంగతి.

కథ 1980ల చివర్లో మొదలవుతుంది. 1986లో మైక్రోసాఫ్ట్ రెడ్మండ్‌కి మారింది, అదే ఏడాది మార్చిలో స్టాక్ మార్కెట్టుకెక్కింది. పని పెరుగుతోంది, పర్మనెంటు ఉద్యోగాలు మాత్రం అంత వేగంగా పెంచటం లేదు. మరి సాఫ్ట్‌వేర్ టెస్టింగు, మాన్యువళ్ళు దిద్దటం, ప్రూఫులు చూడటం, పేజీలు తీర్చటం, పుస్తకం చివర సూచిక తయారుచెయ్యటం లాంటి పనులు ఎవరు చేస్తారు? ఇలాంటి పనులకి 'ఫ్రీలాన్సర్లు' అనే పేరుతో మనుషుల్ని తీసుకున్నారు.

ఫ్రీలాన్సర్ అంటే మామూలుగా తన ఇంట్లో, తన పనిముట్లతో, తనకి వీలైన వేళల్లో, నలుగురైదుగురికి పని చేసిపెట్టేవాడని కదా మనం అనుకుంటాం. వీళ్ళు అలా కాదు. రోజూ క్యాంపస్‌కి వచ్చేవాళ్ళు. తలుపులు తెరిచే కార్డు కంపెనీది, కుర్చీ, కంప్యూటరు, కాగితం, పెన్సిలు అన్నీ కంపెనీవే. పక్క సీట్లో పర్మనెంటు ఉద్యోగి. ఇద్దరికీ ఒకే సూపర్వైజరు, ఒకే పని, ఒకే షిఫ్టు. కొందరు అలా ఏళ్ళ తరబడి చేశారు. తేడాలు ఎక్కడంటే, బ్యాడ్జీ రంగు వేరు, ఈమెయిలు వేరు, కంపెనీ ఫంక్షన్లకి పిలుపు లేదు, ఓవర్‌టైమ్ లేదు. జీతం పేరోల్ నుంచి రాదు. ఇన్ని గంటలు ఈ ప్రాజెక్టుకి పనిచేశానని ఇన్‌వాయిస్ రాసిస్తే, స్టేపుల్ పిన్నులు అమ్మే దుకాణదారుకి బిల్లు చెల్లించినట్టే చెల్లించేవాళ్ళు.

చేరేటప్పుడే సంతకాలు తీసుకున్నారు. నేను స్వతంత్ర కాంట్రాక్టర్ని, నా పన్నులు, నా ఇన్సూరెన్సు నేనే చూసుకుంటాను, కంపెనీ నుంచి ఏ బెనిఫిట్టూ ఆశించను అని దాని సారాంశం. అందరూ పెట్టారు. చేతిలో ఆఫరు, ముందు కాగితం ఉన్నప్పుడు సంతకం పెట్టనివాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

ఈ ఏర్పాటులో మొదటి లొసుగు బయటపెట్టింది కోర్టు కాదు, యూనియన్ కూడా కాదు. పన్నుల శాఖ. 1989, 1990 ప్రాంతాల్లో ఐ.ఆర్.ఎస్. వాళ్ళు మైక్రోసాఫ్ట్ రికార్డులు తిరగేశారు. అమెరికా పన్నుల చట్టంలో ఒక మనిషి ఉద్యోగా, కాంట్రాక్టరా అని తేల్చేది ఒప్పందంలో రాసుకున్న పేరు కాదు, అదుపు. పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చెయ్యాలో చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉందో చూస్తారు. ఆ లెక్కన చూస్తే ఈ ఫ్రీలాన్సర్లు ఉద్యోగులే అని తేల్చి, వాళ్ళ తరఫున కట్టాల్సిన పన్నులు కట్టమన్నారు. మైక్రోసాఫ్ట్ పెద్దగా పోట్లాడలేదు, కట్టేసింది.

ఆ తరవాత చేసిన పనే ముఖ్యం. కొంతమందిని పర్మనెంటు చేసుకుంది. మిగిలినవాళ్ళలో చాలామందికి, మీరు ఫలానా టెంపరరీ ఏజెన్సీలో నమోదైతే ఇదే పని కొనసాగించొచ్చు, లేదంటే మీ దారి మీరు చూసుకోండి అంది. సోమవారం పొద్దున్న అదే కుర్చీ, అదే మేనేజరు, అదే బగ్గుల జాబితా. చెక్కు మీద పేరు మాత్రం ఏజెన్సీది. మనం ఈనాడు 'ఎంప్లాయర్' వేరు, 'క్లయింట్' వేరు అని అలవోకగా అనేస్తున్నామే, ఆ చీలిక ఎంత కృత్రిమంగా మొదలవుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే సందర్భం నాకు ఇంకోటి దొరకలేదు.

ఇలా బయటపడ్డవాళ్ళలో కొందరికి ఒక ఆలోచన వచ్చింది. పన్నుల శాఖ మమ్మల్ని ఉద్యోగులే అంది కాబట్టి, ఉద్యోగులకిచ్చేవి మాకూ రావాలి కదా? అడిగారు. కంపెనీ కుదరదంది. 1992లో డానా విజ్‌కేనో, మరి కొందరు కలిసి దావా వేశారు. వాళ్ళు అడిగిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఉద్యోగుల షేర్ల కొనుగోలు పథకం.

దాని గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే అసలు డబ్బంతా అక్కడే ఉంది. ఉద్యోగి తన జీతంలో 2 నుంచి 10 శాతం దాకా పక్కన పెట్టుకోవచ్చు. ఆరు నెలలకోసారి ఆ డబ్బుతో కంపెనీ షేర్లు కొంటారు. ధర ఎంతంటే, ఆ ఆరు నెలల మొదటి రోజు ధర, చివరి రోజు ధర రెండిట్లో ఏది తక్కువో దానిలో 85 శాతం. ఊరికే లెక్కకోసం, మొదటి రోజు 100 డాలర్లుండి చివరి రోజుకి 140 అయిందనుకోండి. ఉద్యోగికి అది 85కే వస్తుంది. ఒక్కో షేరుకి 55 డాలర్లు చేతికొచ్చినట్టే. ఒకవేళ ధర పడిపోయినా, పడిపోయిన ధర మీద 15 శాతం తగ్గింపు. అంటే కొన్నరోజున నష్టమనే మాటే లేదు. ఇక ఆ షేరు మైక్రోసాఫ్ట్‌ది. 1986లో కొన్న ఒక్క షేరు, విభజనల మీద విభజనలు జరిగి 1999కల్లా 144 షేర్లయింది. పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకే పని చేసిన ఇద్దరిలో ఒకరు ఇల్లు కొనుక్కుంటే ఇంకొకరు అద్దె కట్టుకుంటూ ఉన్నారంటే, ఆ తేడా తెలివితేటలది కాదు, బ్యాడ్జీ రంగుది.

కోర్టులో మైక్రోసాఫ్ట్ వాదన విచిత్రంగా ఉంటుంది. వీళ్ళు ఉద్యోగులు కారని అది గట్టిగా వాదించలేదు, పన్నుల శాఖ ముందు ఒప్పేసుకున్నాక ఎలాగూ కుదరదు. ఉద్యోగులే కావచ్చు, కానీ బెనిఫిట్లు వద్దని సంతకం పెట్టారుగా అంది. కింది కోర్టు కంపెనీ పక్షానే నిలిచింది. 1996లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పుని తిరగేసింది, 1997లో అదే కోర్టు పెద్ద ధర్మాసనం షేర్ల పథకం విషయంలో కాంట్రాక్టర్ల వైపే నిలబడింది. ఒక మనిషికి ఒప్పందంలో ఏ పేరు పెట్టినా, చట్టం దృష్టిలో ఆ మనిషి ఉద్యోగి అయితే ఉద్యోగే. పైగా ఆ పథకానికి పన్ను రాయితీ కావాలంటే, చట్టం అనుమతించిన కొద్ది మినహాయింపులు తప్ప, ఉద్యోగులందరికీ అది వర్తించాలి. ఆ షరతుని మైక్రోసాఫ్ట్ స్వయంగా తన పథకంలోకి తెచ్చుకుంది. తను రాసుకున్న కాగితమే తనకి అడ్డం తిరిగింది.

1999లో ఇంకో మెట్టు ఎక్కింది కేసు. మా చెక్కు ఏజెన్సీ ఇస్తోందన్నంత మాత్రాన మేం మైక్రోసాఫ్ట్ ఉద్యోగులం కాకుండా పోతామా అనేది ప్రశ్న. ఒకే మనిషికి ఇద్దరు యజమానులుండొచ్చని, ఏజెన్సీ జీతమిస్తున్నా పనిమీద అదుపు మైక్రోసాఫ్ట్‌దైతే అదీ యజమానే కావచ్చని అప్పీలు కోర్టు అంది. దాంతో కొద్దిమంది వేసిన దావా వేలమందిది అయిపోయింది. 2000 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. అదే ఏడాది డిసెంబరులో 9.7 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది.

ఇది కోర్టు లోపలి కథ. బయట కూడా కొంత జరిగింది. 1997 చివర్లో వాషింగ్టన్ రాష్ట్రం ఒక నిబంధన మార్చింది. గంటకి 27.63 డాలర్లు దాటి సంపాదించే సాఫ్ట్‌వేర్ నిపుణులకి, గంటల లెక్కన జీతం తీసుకుంటున్నా సరే, ఓవర్‌టైమ్‌కి ఒకటిన్నర రెట్లు ఇవ్వక్కర్లేదు. కాంట్రాక్టర్లకి ఒళ్ళు మండింది. 1998లో మార్కస్ కోర్ట్నీ, మైక్ బ్లెయిన్ అనే ఇద్దరు మాజీ మైక్రోసాఫ్ట్ కాంట్రాక్టర్లు మరికొందరితో కలిసి వాష్‌టెక్ అనే యూనియన్ పెట్టారు. 1999లో టాక్స్‌సేవర్ అనే పన్నుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే తాత్కాలికులు మాతో కూర్చుని బేరమాడండి అని అడిగారు. మైక్రోసాఫ్ట్‌ని అడిగితే మీ యజమాని ఏజెన్సీ కదా అంది. ఏజెన్సీలేమో, అవి ఒకటి కాదు, ఆ కొద్దిమంది టీముకే నాలుగైదు, మా చేతుల్లో ఏముంది అన్నట్టే ఉండిపోయాయి. హెచ్-1బీ మీద వచ్చి "క్లయింటుని అడుగు", "లేదు, నీ ఎంప్లాయర్ని అడుగు" మధ్య బంతిలా తిరిగినవాళ్ళకి ఇది చదువుతుంటే నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియదు. 2000లో ఆ ఉత్పత్తినే ఆపేశారు.

నారింజ బ్యాడ్జీ వాళ్ళందరూ బాధపడుతూ బతికారని కూడా నేను అనను. గంటకి వచ్చేది కొందరికి పర్మనెంటు వాళ్ళ జీతం కంటే ఎక్కువగానే ఉండేది. రాత్రింబగళ్ళు ఆఫీసులోనే పడుండే ఆ కంపెనీ అలవాటు నచ్చక, లెక్కకి నలభై గంటలు చేసి ఇంటికి పోవటమే మేలనుకున్నవాళ్ళూ ఉన్నారు. బ్యాడ్జీతో వాళ్ళకి పేచీ లేదు. పేచీ అంతా, ఉద్యోగిలా పని చేయించుకుని పంపకాల దగ్గర బయటివాడివి అనటంతోనే.

మరి కేసు గెలిచాక ఏం జరిగింది? కోర్టు చెప్పిన దాంట్లోంచి రెండు పాఠాలు తీసుకోవచ్చు. ఉద్యోగుల్లా పనిచేసేవాళ్ళకి ఉద్యోగులకిచ్చేవి ఇవ్వు అనేది ఒకటి. వాళ్ళు ఉద్యోగుల్లా కనపడకుండా చూసుకో అనేది రెండోది. మైక్రోసాఫ్ట్ మొదటిది కొంత చేసింది, చాలామందిని పర్మనెంటు చేసుకుంది. కానీ మిగతా కార్పొరేట్ అమెరికా నేర్చుకున్నది రెండోదే.

2000లో మైక్రోసాఫ్ట్ కొత్త నియమం పెట్టింది. తాత్కాలిక మనిషి 12 నెలలు పనిచేస్తే, తరవాత 100 రోజులు దూరంగా ఉండాలి. ఏళ్ళ తరబడి ఉంచటమే కోర్టులో దెబ్బతీసింది కాబట్టి, ఏళ్ళ తరబడి ఉంచకూడదు. ఇంకో పక్క లాయర్లు దేశమంతటా కంపెనీల బెనిఫిట్ పథకాలకి ఒక వాక్యం చేర్చారు. రేపు ఏ కోర్టో, ఏ ప్రభుత్వ శాఖో ఈ మనిషి ఉద్యోగే అని తేల్చినా సరే, మా రికార్డుల్లో ఉద్యోగి అని లేకపోతే ఈ పథకం అతనికి వర్తించదు అని దాని అర్థం. ఈ కేసు వల్లే పుట్టింది కాబట్టి ఆ వాక్యానికి మైక్రోసాఫ్ట్ పేరే స్థిరపడింది. కోర్టు ఒక తలుపు తెరిస్తే, దేశంలో మిగతా అన్ని తలుపులకీ తాళాలు పడ్డాయి.

మూడోది రోజువారీ మర్యాదలకి సంబంధించింది. కాంట్రాక్టర్‌ని ఉద్యోగిలా చూస్తే రేపు కోర్టులో అది సాక్ష్యం అవుతుంది కాబట్టి, మేనేజర్లకి ట్రైనింగులు మొదలయ్యాయి. వాళ్ళకి పనితీరు రివ్యూ రాయొద్దు, బహుమతులు ఇవ్వొద్దు, ఆఫ్‌సైట్లకి తీసుకెళ్ళొద్దు, సెలవు నువ్వు మంజూరు చెయ్యొద్దు, ఏజెన్సీకి చెప్పించు. 'కో-ఎంప్లాయ్‌మెంట్ రిస్క్' అని దీనికి పేరు.

నేను ఈ దేశానికొచ్చిన కొత్తలో మధ్య పశ్చిమాన ఒక బీమా కంపెనీలో కాంట్రాక్టర్ని. ఒక రిలీజ్ కోసం మూడు వారాంతాలు పనిచేశాం. అది అయిపోయాక టీముకి కంపెనీ లోగో ఉన్న జాకెట్లు పంచారు. ఆరుగురికి ఇచ్చి నలుగురికి ఇవ్వలేదు, ఆ నలుగురిలో ముగ్గురం తెలుగువాళ్ళం. మా మేనేజరు మంచావిడ, అరవై దగ్గర పడిన మనిషి. సాయంత్రం నా క్యూబ్ దగ్గరికొచ్చి, నాకివ్వాలనే ఉంది, మా హెచ్.ఆర్. ఒప్పుకోదు అంది. ఆవిడ కళ్ళలో నిజమైన ఇబ్బంది కనపడింది. మా పక్క క్యూబ్‌లో ఉండే మూర్తిగారు (అసలు పేరు కాదులెండి) నన్ను చూసి, "పోనీలే బాబూ, జాకెట్టు వాల్‌మార్ట్‌లో దొరుకుతుంది, ఐ-140 దొరకదు" అన్నాడు. ఆ జాకెట్టు ఇవ్వకపోవటం కంపెనీ పిసినారితనం కాదు, ఒక లీగల్ పత్రం లాంటిది. మా నలుగురూ తమ మనుషులు కాదని రేపెప్పుడైనా చూపించటానికి పనికొచ్చే ఒక చిన్న రుజువు. 1990ల్లో కంపెనీ ఫంక్షన్లకి పిలవకపోవటం ఒక అలవాటు. కేసు తరవాత అదొక జాగ్రత్త అయింది. అవమానం అంతే ఉంది, కారణం మాత్రం ఇంకా చల్లగా మారింది.

మనవాళ్ళు ఈ కథలోకి పెద్దసంఖ్యలో వచ్చింది సరిగ్గా ఈ మలుపు దగ్గరే. వై2కే పనులతో మొదలైన రోజులవి. ఏడాదికి 65 వేలున్న హెచ్-1బీ వీసాల పరిమితిని 1999, 2000 సంవత్సరాలకి లక్షా 15 వేలకి, ఆ తరవాత మూడేళ్ళకి లక్షా 95 వేలకి పెంచారు. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని విమానమెక్కినవాళ్ళు అప్పటికే తాళాలు పడ్డ ఇంట్లోకి వచ్చారు. వీసా దగ్గర పెట్టుకున్న కన్సల్టెన్సీ, దాని పైన మధ్య వెండరు, దాని పైన ప్రైమ్ వెండరు, ఆ పైన క్లయింటు. ప్రతి మెట్టు దగ్గరా గంట రేటులో కొంత తెగుతుంది. ఒక ఏజెన్సీ ఉంటేనే ఇద్దరు యజమానులా అని కోర్టు బుర్ర గోక్కుంది. ఇన్ని మెట్లున్నచోట యజమాని ఎవరో అడగాలనే ఆలోచన కూడా రాదు.

గ్యాప్ నియమాలు కూడా మనకి ఇంకోరకంగా తగులుతాయి. అమెరికన్ కాంట్రాక్టర్ 100 రోజులు నిరుద్యోగ భృతి తీసుకునో, ఇంటికి రంగులేసుకునో గడపొచ్చు. వీసా మీదున్న మనిషి అలా ఖాళీగా కూర్చోకూడదు. బెంచ్ మీదున్నా జీతమివ్వాలని 1998 చట్టం కన్సల్టెన్సీకి చెప్తుంది కాబట్టి, అది వెంటనే ఇంకో క్లయింటుని వెతుకుతుంది. ఆ క్లయింటు ఇంకో రాష్ట్రంలో ఉంటాడు. అంటే ఒక కంపెనీ లాయరు రాసుకున్న గ్యాప్ నియమం మన ఇంట్లో పిల్లవాడి స్కూలు మార్పుగా, లీజు జరిమానాగా, యూ-హాల్ ట్రక్కుగా దిగుతుంది.

ఇది అమెరికా వింత అనుకోనక్కర్లేదు. మన దేశంలో కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లోనే వచ్చింది. 1996లో ఎయిర్ ఇండియా కేసులో మన సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినచోట ఆ కార్మికులు అసలు యజమాని ఉద్యోగులవుతారంది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అదే కోర్టు, అలా దానంతటదే అవదు, కాంట్రాక్టు ఉత్త బూటకమని నిరూపిస్తే తప్ప అంది. అక్కడా ఇక్కడా ఆ దశాబ్దంలో ఒకే ప్రశ్న నలిగింది. మా ఊరి సబ్‌స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేసే కాంట్రాక్టు కుర్రాడికీ, రెడ్మండ్‌లో కోడు రాసే వెండరుకీ జీతంలో ఉన్న దూరం భూమ్యాకాశాలంత. నీ యజమాని ఎవరు అని అడిగితే ఇద్దరూ ఒక్క క్షణం ఆగి జవాబు చెప్తారు.

2014 జూలై నుంచి మైక్రోసాఫ్ట్ ఆ నియమాన్ని మళ్ళీ మార్చింది. బయటి సిబ్బందికి 18 నెలల పాటు క్యాంపస్, నెట్‌వర్క్ వాడుకునే అనుమతి, తరవాత 6 నెలల విరామం. అదే ఏడాది ఆ కంపెనీ పగ్గాలు హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ చేతికొచ్చాయని మనందరం తెగ సంబరపడ్డాం, నేను కూడా. లయన్‌బ్రిడ్జ్ అనే సరఫరాదారు తరఫున మైక్రోసాఫ్ట్‌కి యాప్‌లు పరీక్షించే మూడు డజన్లమంది యూనియన్ పెట్టుకున్నదీ 2014లోనే, వాళ్ళ ఉద్యోగాలు 2016లో పోయాయి. ఈ మధ్యలో, 2015 మార్చిలో, మైక్రోసాఫ్ట్ ఒక మంచి పని కూడా చేసింది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సరఫరాదారు ఎవరైనా, మా పని చేసేవాళ్ళకి ఏడాదికి కనీసం 15 రోజులు జీతంతో కూడిన సెలవు ఇవ్వాల్సిందే అంది. నాకు తెలిసిన ఒకాయన, రెడ్మండ్‌లో రెండు విడతలు వెండరుగా చేసి, రెండు విడతల మధ్య ఆరు నెలలు టెక్సస్‌లో గడిపి వచ్చినవాడు, ఆ 15 రోజుల్ని కూడబెట్టుకుని నాన్నగారి సంవత్సరీకానికి రాజమండ్రి వెళ్ళొచ్చాడు. సెలవు ఎవరు మంజూరు చేశారని అడిగితే, "అడిగింది వీళ్ళని, ఇచ్చింది వాళ్ళు" అన్నాడు.